కేస్ షీట్ రాసిన చేత్తో కథ రాయాలంటే

సంపాదకులకు,

వైద్యవృత్తి వదిలి మరో దారి పట్టే డాక్టర్ల గురించి ఎవరు రాసినా జీతం దగ్గరో, కొత్త ఉద్యోగం దగ్గరో ఆగిపోతున్నారు. చదువుల్లో పడి ఎప్పుడో అటకెక్కించిన రాతలూ బొమ్మలూ మళ్లీ మొదలెట్టబోతే చెయ్యి ఎందుకు మొరాయిస్తుందో చెప్పేవాళ్లు తక్కువ.

తీరిక దొరికినా కుదరకపోవడానికి ముఖ్య కారణం రోగి వివరాలు ముక్కలుగా రాసుకునే కేస్ షీట్ అలవాటు. "45 ఏళ్ల పురుషుడు, 3 రోజులుగా కడుపునొప్పి, వాంతులు లేవు." లక్షణాలన్నీ ఉన్నాయి, మనిషే కనిపించడు. ఏళ్ల తరబడి ఇలా రాసినవాళ్లు కథకు కూర్చుంటే రెండో పేరాలోనే రోగనిర్ధారణ చేసేస్తారు. ఇక చదివేవాడు తెలుసుకోవడానికి ఏం మిగులుతుంది? ఊహించుకున్న ఒక మనిషిని ఓపీ బల్ల మీద కూర్చోబెట్టి, జబ్బు పేరూ మందు పేరూ రానివ్వకుండా ఒక పేజీ రాయండి. కుడిచేత్తో పొట్ట పట్టుకుని, ఎడమచేత్తో చీటీని మడిచి మళ్లీ విప్పుతున్నాడా? అడిగినదానికి తనే చెబుతాడా, భార్య వైపు చూస్తాడా? మొదటి నాలుగైదు పేజీలు పొడిపొడిగానే వస్తాయి. దిద్దకండి, తేదీ వేసి పక్కన పెట్టండి.

బొమ్మలేసేవాళ్ల చిక్కు వేరు. ఎదురుగా ఉన్న చెయ్యి గీయమంటే అనాటమీ పుస్తకంలోని చెయ్యి కాగితం మీదకొస్తుంది. కళ్లు సరిగ్గా చూడకముందే బుర్ర ఎముకల పేర్లు అప్పజెప్పేస్తుంది మరి. కాగితం వంక చూడకుండా, పెన్సిల్ ఎత్తకుండా, 5 నిమిషాలు చేతి అంచు వెంబడి చూపును నత్తలా నడిపిస్తూ గీయాలి. వేళ్లు ఆరు వచ్చినా కంగారు పడక్కర్లేదు. బొమ్మ చక్కగా కుదిరిందంటే మధ్యలో కాగితం చూశారన్నమాటే!

రోజుకు 20 నిమిషాలు, వారానికి 4 రోజులు చాలు. నైట్ డ్యూటీ మర్నాడు మాత్రం వద్దు. నిద్రలేని కళ్లకు రాసిందంతా చెత్తగా కనిపిస్తుంది, చాలామంది మానేసేది ఆ పూటే. సర్టిఫికెట్ ఇచ్చే కోర్సులో చేరడం కూడా తొందరపాటే. పరీక్షల్లో ఆరితేరినవాళ్లు అక్కడా మార్కుల వెంటే పడతారు.

పేషెంట్ల గురించి రాయాలనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. పేరు మారిస్తే సరిపోదు. అరుదైన జబ్బు, వయసు, ఊరు, ఆస్పత్రిలో చేరిన నెల కలిస్తే ఆ ఇంటివాళ్లు ఇట్టే పోల్చుకుంటారు. కోటు విప్పేసినా గోప్యత బాధ్యత పోదు. ఇద్దరు ముగ్గురిని కలిపి కొత్త మనిషిని చేసినా, ఆనవాలు పట్టించే వివరం ఏదైనా మిగిలిందేమో మళ్లీ చూసుకోవాలి.

ఉన్నపళంగా రాజీనామా చేయాలా? ఇంగ్లిష్ కవి కీట్స్ 1816లో వైద్యం చేసే లైసెన్సు తెచ్చుకుని ఏడాదిలోపే కవిత్వానికి మళ్లిపోయాడు. 1884లో డాక్టరైన రష్యన్ కథకుడు చెహోవ్ ఏళ్లపాటు రెండూ నడిపాడు. మా మొగ్గు చెహోవ్ వైపే. ఇంటి ఖర్చు మోయాల్సిన కథ మొదటి వాక్యం దగ్గరే బిగుసుకుపోతుంది. కనీసం 6 నెలల ఖర్చు చేతిలో ఉంచుకుని, ముందు డ్యూటీలు సగానికి తగ్గించుకోండి. వైద్య రిజిస్ట్రేషన్‌ను మాత్రం గడువు లోపలే రెన్యువల్ చేయించుకోండి.

ఇట్లు,
రచన, చిత్రలేఖనం నేర్పే ఇద్దరు పాఠకులు