డబ్బు కట్టకముందే షరతులు చూపించాలి

ఎడిటర్ గారికి,

మా అమ్మాయి కొత్త కారు బిల్లులో షోరూమువాళ్లు అడక్కుండానే ఎక్స్‌టెండెడ్ వారంటీ (కారుతో వచ్చే అసలు వారంటీ అయిపోయాక రిపేర్లకు పనికొచ్చేలా డబ్బు కట్టి కొనుక్కునే అదనపు హామీ) కలిపేశారు. షరతుల కాగితం అడిగితే "డెలివరీ అయ్యాక మెయిల్‌కి వస్తుంది సార్" అన్నారు. పట్టుబడితే ఇచ్చారు. క్లచ్ ప్లేట్లు, బ్రేక్ ప్యాడ్లు, టైర్లు దాంట్లో లేవు. ఎలుకలు వైర్లు కొరికినా రాదు. సర్వీసు బయట మెకానిక్ దగ్గర చేయిస్తే క్లెయిము కష్టమే. మాది మాన్యువల్ గేర్ల బండి, తిరిగేది ఊళ్లోనే, వద్దన్నాం. ఆటోమేటిక్ గేర్‌బాక్సో, టర్బో ఇంజినో అయితే నేనూ కొనమనేవాణ్ణే, వాటి రిపేరు ఖర్చు మామూలుగా ఉండదు. చాలా కంపెనీలు అసలు వారంటీ ముగిసేలోపు ఎప్పుడైనా దీన్ని అమ్ముతాయి. ఆ సంగతి సేల్స్ కుర్రాడు చెప్పడు, పాపం టార్గెట్ల టెన్షన్! షరతులు తెలుగులో, డబ్బు కట్టకముందే ఇచ్చేలా ప్రభుత్వం చూడాలి.

– ఒక విశ్రాంత ఉద్యోగి, బ్రాడీపేట, గుంటూరు