మా కెమిస్ట్రీ స్టోరు గదిని క్షేమంగా ఖాళీ చేయించిన వాళ్లందరికీ

మా డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ స్టోరులో ఏళ్ల తరబడి పేరుకుపోయిన పాత రసాయనాలు, ఎవరి చేతికీ చిన్న బొబ్బ కూడా లేకుండా బయటికి వెళ్లిపోయాయి. పోయిన వారం చివరి డ్రమ్ము లారీ ఎక్కింది. డిపార్ట్‌మెంటు బాధ్యత నాది కాబట్టి అందరూ నన్ను అభినందిస్తున్నారు. ఆ అభినందనలు ఎవరికి చెందాలో వాళ్లకు అందజేయడానికే ఇది రాస్తున్నాను. వాళ్లలో ఎక్కువమంది పేర్లు రాయొద్దన్నారు. పేర్లు లేకపోయినా వాళ్లు చేసిన పని వివరంగా చెప్పాలి. ఉత్తరాంధ్రలో ఇలాంటి స్టోరు గదులు ఇంకా చాలా కాలేజీల్లో ఉన్నాయి, ఆ తాళాలు తీయాల్సిన లెక్చరర్లూ ఉన్నారు.

పాత భవనం కూల్చి కొత్తది కడతామని యాజమాన్యం చెప్పడంతో స్టోరు ఖాళీ చేయక తప్పలేదు. సిలబస్ మారినప్పుడల్లా పక్కన పడిపోయిన సీసాలు, సగం వాడి మూతపెట్టినవి, రెండున్నర లీటర్ల యాసిడ్ సీసాలు, అక్షరాలు చెరిగిపోయినవి, అసలు లేబులే లేనివి అన్నీ ఒకే గదిలో. అన్నీ కలిపి ఒకే ట్రిప్పులో ఎత్తేస్తానని పాత సామాన్ల వ్యాపారి ముందుకొచ్చాడు. గ్రౌండు మూల గొయ్యి తీసి పూడ్చేద్దామని ఒకరు, కొంచెం కొంచెంగా సింకులో పోసి నీళ్లు వదిలేద్దామని ఇంకొకరు సలహా ఇచ్చారు. ఎవరి ఉద్దేశమూ చెడ్డది కాదు. కానీ గొయ్యి పక్కనే బోరు ఉంది, సింకు నీళ్లు వెళ్లేది ఊరి చెరువుకి. తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండని పూర్వ విద్యార్థులను అడిగాను. పరవాడ వైపు ఒక బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు తయారు చేసే) కంపెనీలో సేఫ్టీ ఆఫీసరుగా చేసి రిటైరైన మా కాలేజీ పాత విద్యార్థి ఒకాయన ఆ సాయంత్రమే ఫోను చేశారు. ముందు ఆయనకే నా నమస్కారం.

"అమ్మా, నేను వచ్చేదాకా ఒక్క సీసా కూడా కదపకండి" అన్నారు. ఆ ఒక్క మాటే ఎంత పెద్ద సాయమో తర్వాత అర్థమైంది. వచ్చిన రోజు అందరి ఫోన్లూ బయట బల్ల మీద పెట్టించారు. లైటు స్విచ్చి వేయనివ్వలేదు. ఈథర్, ఎసిటోన్ లాంటి వాటి ఆవిరి గాలికంటే బరువు కాబట్టి నేల బారునే పేరుకుంటుందనీ, స్విచ్చి దగ్గర పుట్టే చిన్న నిప్పురవ్వ దానికి చాలుననీ చెప్పి, కిటికీలు బయటినుంచి తీయించి గది బాగా గాలాడేదాకా ఆగారు. తర్వాత చేతులు రెండూ వెనక్కి కట్టుకుని ఒక్కరే లోపలికి వెళ్లి, దేన్నీ ముట్టకుండా అర మీద అర చూసుకుంటూ వచ్చారు. బయటికి వచ్చి మాకు రెండు సీసాల సంగతి చెప్పారు.

ఒకటి పిక్రిక్ ఆసిడ్. ఆర్గానిక్ ప్రాక్టికల్స్‌లో పిక్రేట్ డెరివేటివ్‌లు చేయించే రోజుల్లో కొన్నది. దాన్ని ఎప్పుడూ నీటితో తడిగానే అమ్ముతారు, తడిగానే ఉంచాలి. నీరు ఆరిపోతే అది పేలుడు పదార్థమే. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి గుండ్లలో కూరింది దాన్నే. మా సీసాలో అది పూర్తిగా ఎండిపోయి ఉంది. మూత మరల్లో చిక్కుకున్న పలుకులు, మూత తిప్పేటప్పుడు పుట్టే రాపిడికే పేలవచ్చు. రెండోది ఈథర్. ఒకసారి మూత తీశాక గాలి తగిలి అందులో నెమ్మదిగా పెరాక్సైడ్లు అనే పేలే పదార్థాలు తయారవుతాయి. ఆ సీసా మెడ చుట్టూ తెల్లటి స్ఫటికాలు కట్టి ఉన్నాయి. ఆ సీసాలను తుడిచి, మూతలు తీసి, వాసన చూసి రాసుకుందామని మా పిల్లలు అప్పటికే గుడ్డలు, రబ్బరు చేతి తొడుగులు సిద్ధం చేసుకుని ఉన్నారు. ఆ తలపు వస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఆయన సూచనతో ప్రిన్సిపాల్ గారు పోలీసులకు ఉత్తరం రాశారు. బాంబు నిర్వీర్య దళం వాళ్లు సెలవు రోజున వచ్చి, పక్కనున్న హాస్టల్ ఖాళీ చేయించి, ఆ రెండింటినీ తీసుకెళ్లి ఊరికి దూరంగా నిర్మూలించారు. "కాలేజీ వాళ్లు ముందే పిలవడం మంచిదైంది" అని ఒక్కమాట అని వెళ్లిపోయారు. వాళ్లకూ, అడిగిన వెంటనే స్పందించిన పోలీసు అధికారులకూ మా కాలేజీ తరఫున కృతజ్ఞతలు.

ఆ తర్వాత సేఫ్టీ సార్ మా పిల్లలను కూర్చోబెట్టి చెప్పిన పాఠం ఇక్కడ రాయాలి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీకి వాడే ద్రవం) ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. లాక్‌డౌన్‌తో ఫ్యాక్టరీ ఆగి ఉంది, స్టైరీన్ ట్యాంకులో ఊరికే నిల్వ ఉంది. దాన్ని చల్లగా ఉంచాలి, తనంతట తాను గట్టిపడకుండా ఆపే ఇన్హిబిటర్ తగినంత ఉందో లేదో చూస్తుండాలి. అవి సరిగా జరగక లోపల వేడి పెరిగింది. అదే ఏడాది ఆగస్టు 4న బేరూత్ రేవులో పేలిన 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్ కూడా అంతే, దాదాపు ఆరేళ్లు గోదాములో పడి ఉన్నదే. "రెండు చోట్లా ఎవరూ ఏమీ తయారు చేయడం లేదు. నిల్వ ఉంది కదా, దానికేమవుతుందిలే అనుకున్నారు. నిల్వ ఉన్నది ఊరికే ఉండదు బాబూ" అన్నారాయన. కెమిస్ట్రీ పాఠాలు చెప్పే నేను కూడా చర్య అంటే పరీక్షనాళికలో జరిగేదన్నట్టే పిల్లలకు చెబుతూ వచ్చాను. మూత పెట్టిన సీసాలో ఏళ్ల తరబడి సాగే చర్య గురించి ఇకనుంచి మొదటి సంవత్సరంలోనే చెబుతాను.

ఇక మా అటెండర్ బాబాయి. ఈ పోస్టులో సగం ఆయనకే రాయాలి.

లేబులు లేని సీసాలు ఏ స్టోరుకైనా అన్నిటికంటే పెద్ద చిక్కు. అందులో ఏముందో తెలియకపోతే వ్యర్థాలు తీసుకెళ్లేవాళ్లు కూడా ముట్టరు, పరీక్ష చేయించాలి, దానికి ఖర్చు, ఆలస్యం. బాబాయి ఆ సీసాలను చూసి ఒక్కొక్కటీ చెప్పుకుంటూ వచ్చాడు. నల్లగా ఉన్నది గాజుసామాను కడగడానికి కలిపిన క్రోమిక్ ఆసిడ్, అది కలిపిన మేస్టారు ఎవరో కూడా గుర్తే. గోధుమరంగు చిన్న సీసాలోది నెస్లర్స్ రీఏజెంట్, అందులో పాదరసం ఉంటుందని ఆయనకు ఎవరో ఎప్పుడో చెప్పారట, అందుకే దాన్ని విడిగా పెట్టాడు. సేఫ్టీ సార్ ఆయన చెప్పిన ప్రతిదాన్నీ చిన్న పరీక్షలతో సరిచూశారు. ఒక్కటీ తప్పలేదు. స్టాక్ రిజిస్టరులో లేని చరిత్ర అంతా ఆ మనిషి దగ్గర ఉంది. ఇన్నేళ్లలో ఆయన్ని అడిగిన వాళ్లు లేరు.

కింది అరలో ఒక సీసా దగ్గరికి వెళ్లబోతే, "ఒగ్గేయండమ్మా, అది సోడియం. నీళ్లు తగిలితే మండిపోద్ది" అన్నాడు. సోడియం ముక్కలు కిరసనాయిల్లో మునిగి ఉండాలి. ఏళ్లు గడిచేకొద్దీ కిరసనాయిలు ఆవిరై తగ్గుతుంది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ సీసాలో ముక్కలు నిండా మునిగే ఉన్నాయి. ఎలా అని అడిగితే, ఏటా సంక్రాంతి సెలవులకు ముందు తన ఇంటి కిరసనాయిల్లోంచి తెచ్చి పోస్తున్నానన్నాడు. పంపుకి దూరంగా, వాన కారని మూలన పెట్టిందీ తనే. ఇందుకు ఒక్క బిల్లు లేదు, ఒక్క మెమో లేదు, ఎవరూ చెప్పలేదు. ఈ బిల్డింగులో చదువుకున్న ప్రతి ఒక్కరూ ఆ కిరసనాయిలుకి బాకీ పడి ఉన్నారని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను. బాబాయ్, ఇది ఎవరి చేతైనా చదివించుకో. కాలేజీ తరఫున, నా తరఫున చేతులెత్తి దణ్ణం.

మిగిలినవాటిని వేరుచేసే పని మా మూడో సంవత్సరం పిల్లలు చేశారు. కళ్లద్దాలు, ఆప్రాన్లు, సరైన చేతి తొడుగులు వేసుకుని, సేఫ్టీ సార్ పక్కన నిలబడి చెబుతుంటే. స్టోరులో సీసాలన్నీ ఇంగ్లిష్ అక్షరక్రమంలో సర్ది ఉండేవి. వెతుక్కోవడానికి అది బాగుంటుంది. అయితే ఆ వరసలో హైడ్రజీన్ పక్కన హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉంది, రాకెట్లు నడపడానికి వాడిన జంట అది. గ్లేషియల్ ఎసిటిక్ ఆసిడ్ ఉన్న అరలోనే అమ్మోనియం నైట్రేట్. ఫినాల్ పక్కన పొటాషియం పర్మాంగనేట్. ఒక్క సీసా పగిలి పక్కదాని మీద పడితే చాలు. పిల్లలు వాటిని మండేవి, మంటను పెంచే ఆక్సీకరణులు, ఆమ్లాలు, క్షారాలు, విషాలు, నీటితో చర్య జరిపేవి అని విడదీశారు. నైట్రిక్ ఆసిడ్‌ను మిగతా ఆమ్లాలతో కూడా కలపకుండా విడి ట్రేలో పెట్టారు. సల్ఫైడ్లు, సయనైడ్లు ఉన్న అరకీ ఆమ్లాల అరకీ మధ్య గది మొత్తం దూరం ఉంచారు. ప్రతి ద్రవం కిందా ఒక ప్లాస్టిక్ ట్రే, సీసా పగిలినా అందులోనే ఆగేలా. ఆ పిల్లల పేర్లు నోటీసు బోర్డులో పెట్టాం.

కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయంలో ఒక యువ ఇంజినీరు గారు మాకోసం ఓపిగ్గా కూర్చున్నారు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు చదివించి, వ్యర్థాన్ని మామూలుగా 90 రోజులకు మించి నిల్వ ఉంచకూడదని, డబ్బా మీద ఫారం 8 లేబులు ఉండాలని, లారీ వెంట ఫారం 10 మానిఫెస్ట్ (సరుకు వివరాల పత్రం) వెళ్లాలని చెప్పారు. కాలేజీ వాళ్లు కదా అని తేలిగ్గా తీసుకోలేదు, భయపెట్టనూలేదు. పరవాడ ఫార్మాసిటీలోని వ్యర్థాల శుద్ధి కేంద్రంతో మాట్లాడుకోవడానికి దారి చూపించారు. అక్కడినుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు ప్రతి సీసాకీ చుట్టూ ఒలికిన ద్రవాన్ని పీల్చుకునే పొడి పోసి డ్రమ్ముల్లో సర్దిన పద్ధతి చూసి మా పిల్లలు నోట్సు రాసుకున్నారు. క్లోరోఫామ్ లాంటి క్లోరిన్ ఉన్న సాల్వెంట్లను (పదార్థాలను కరిగించడానికి వాడే ద్రవాలను) మిగతావాటితో ఎందుకు కలపకూడదో వాళ్లే చెప్పారు. విడిగా ఉంటే క్లోరిన్ లేని సాల్వెంటు సిమెంటు బట్టీలో ఇంధనంగా పనికొస్తుంది, క్లోరిన్ కలిస్తే మొత్తం డ్రమ్ము వ్యర్థాలను కాల్చేసే ఇన్సినరేటరుకే.

ఫిజిక్స్ డిపార్ట్‌మెంటు మేడం తన ల్యాబ్‌లో పగిలిన థర్మామీటర్లు, బారోమీటర్ల పాదరసం కూడా ఇదే లారీలో పంపగలిగారు. ఒలికిన పాదరసాన్ని చీపురుతో ఊడిస్తే చిన్న పూసలుగా చెదిరి గదంతా ఆవిరి పెరుగుతుందని, గట్టి కాగితంతో ఒకచోటికి చేర్చి, మూత గట్టిగా బిగిసే సీసాలో పెట్టాలని ఆవిడే మాకు చేసి చూపించారు. ఖర్చంతా పూర్వ విద్యార్థులు భరించారు. హైదరాబాద్, బెంగళూరు, అమెరికాలో ఉన్నవాళ్లు సైతం, ఇదే స్టోరు పక్క బల్ల మీద సాల్ట్ అనాలిసిస్ చేసినవాళ్లు. మీ అందరికీ రసీదులతో పాటు ఈ మాట కూడా అందాలి.

ఇప్పుడు ల్యాబ్‌లో ఏం మారిందో దాతలకు చెప్పాల్సిన బాధ్యత ఉంది. వ్యర్థాలకు విడివిడి క్యాన్లు పెట్టాం: సాల్వెంట్లకు రెండు, ఆమ్లాలకు ఒకటి, సీసం, క్రోమియం, వెండి, పాదరసం లాంటి లోహాల లవణాలకు ఒకటి. నైట్రిక్ ఆసిడ్ ఉన్న దేన్నీ సాల్వెంట్ క్యాన్లో పోయనివ్వం, వాయువు పుట్టి క్యాను పగులుతుంది. టోలెన్స్ పరీక్ష (వెండి అద్దం పరీక్ష) చేసిన ద్రావణాన్ని ఆ బ్యాచ్ వెళ్లకముందే సజల నైట్రిక్ ఆసిడ్‌తో ఆమ్లీకరించి లోహాల లవణాల క్యాన్లో పోస్తున్నాం. మర్నాటిదాకా ఉంచితే అందులో పేలే స్వభావమున్న వెండి సమ్మేళనం ఏర్పడవచ్చు. ఇది ప్రతి డిగ్రీ కాలేజీలో చేయించే ప్రాక్టికలే కాబట్టి నొక్కి రాస్తున్నాను. ప్రతి కొత్త సీసా మీదా కొన్న తేదీ, మూత తీసిన తేదీ తెలుగులో రాస్తున్నాం. సీసాలు తీసేదీ పెట్టేదీ ఎక్కువగా అటెండర్లే. వాళ్లు చదవగలిగేలా లేబులు ఉండాలన్నది సేఫ్టీ సార్ పట్టుదల. ఈథర్‌ని ఇక అవసరమైనంత మేరకే, చిన్న సీసాల్లోనే కొంటాం.

సేఫ్టీ సార్ దారి ఖర్చులు కూడా తీసుకోలేదు. బదులుగా ఒకటి అడిగారు. చుట్టుపక్కల జూనియర్, డిగ్రీ కాలేజీల్లో ఎవరైనా స్టోరు ఖాళీ చేయబోతుంటే, సీసాలు కదపకముందే తనకు కబురు పెట్టమన్నారు. వారానికో రోజు ఈ పనికే కేటాయించారట. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, అనకాపల్లి జిల్లాల లెక్చరర్లు నాకు రాయండి, ఆయనతో మాట్లాడిస్తాను. మేం తయారు చేసిన తెలుగు లేబుళ్ల నమూనా, సీసాల జాబితా రాసుకునే పట్టిక కూడా పంపిస్తాను. రాసేముందు మీ అటెండరును ఒకసారి కూర్చోబెట్టి, ఏ సీసాలో ఏముందో ఆయనకు తెలిసినంతా రాసుకుని ఉంచండి. సార్ మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న అదే.