రేడియో సెట్ల విషయంలో దారి చూపినవాళ్లకు నాగాయలంక నుంచి కృతజ్ఞతలు

తుపానుకు ఫోన్లు ఆగిపోతే కబురు ఎలా పంపుకోవాలి, ఎలాంటి వాకీటాకీలు కొనాలి అని మేం అడిగితే ఓపిగ్గా జవాబిచ్చిన అందరికీ పేరుపేరునా నమస్కారాలు. విజయవాడ నుంచి పనిగట్టుకుని వచ్చి, ఎండలో మాతో గట్లెంబడి తిరిగిన హ్యామ్ (లైసెన్సు తీసుకుని సరదాగా రేడియో సెట్లలో మాట్లాడుకునేవాళ్లు) పెద్దాయనకైతే ఎంత చెప్పుకున్నా తక్కువే.

1977 నవంబరు 19 నాటి ఉప్పెన చూసినవాళ్లు మా ఇళ్లల్లో ఇంకా ఉన్నారు. 2014లో హుద్‌హుద్ దెబ్బకు విశాఖ అంతటి నగరంలోనే ఫోన్లు మూగబోయాయి. ఇక దివిసీమ కొసన ఉన్న మా సంగతి చెప్పాలా!

పెద్దాయన ముందు ధర మాట ఎత్తలేదు. "ఎవరు ఎవరితో మాట్లాడాలి బాబూ, ఎంత దూరం?" అన్నారు. తుపాను షెల్టరు నుంచి గట్టుమీది ఇళ్లకు, పడవల రేవుకు. అంతే మా అవసరం. దానికి 446 మెగాహెర్ట్జ్ సెట్లు చాలన్నారు. 446.0 నుంచి 446.2 దాకా అర వాటు సెట్లకు మన దేశంలో 2018 నుంచి లైసెన్సు అక్కర్లేదు. సెట్‌కు ఈటీఏ, అంటే ఆ రకం సెట్‌కు ప్రభుత్వం ఇచ్చే ఆమోదం, ఉందో లేదో చూడటం నేర్పారు. అయిదు వాట్ల హ్యామ్ సెట్లు చౌకగా వస్తున్నాయి కదా అని మావాళ్లు అంటే, పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నాకే అని ఖండితంగా చెప్పారు. ఆ మాట ఎవరో ఒకరు చెప్పాల్సిందే.

తను తెచ్చిన జత సెట్లతో పరీక్ష కూడా ఆయనే పెట్టారు. కాలవ గట్టు మీద మాట గంటకొట్టినట్టు వినిపించింది. సరుగుడు తోట అడ్డం రాగానే ముక్కలైపోయింది. అదే సెట్ షెల్టరు డాబా ఎక్కిస్తే తోట అవతలివాళ్లు మళ్లీ పలికారు. అందుకని తుపానప్పుడు ఒక మనిషి డాబా మెట్ల గదిలోనే ఉండాలని అక్కడికక్కడే అనుకున్నాం. కరెంటు ఉండదు కాబట్టి మామూలు పెన్సిల్ సెల్స్ పట్టే సెట్లే తీసుకున్నాం. గంటకోసారి, మొదటి అయిదు నిమిషాలు మాత్రమే ఆన్ చేస్తే సెల్స్ ఆదా అవుతాయన్నది కూడా ఆయన సలహానే.

మచిలీపట్నం తమ్ముడికి వేరే థాంక్స్. షార్ట్‌వేవ్, మీడియంవేవ్ పట్టే తన రేడియో పిల్లలకిచ్చి వెళ్లాడు. పొద్దుగూకాక దూరపు స్టేషన్లు ఒక్కొక్కటే తేలుతుంటే పిల్లలు అన్నానికి లేవడం లేదు. సూర్యుడు ఉన్నంతసేపూ ఆకాశంలో కింది పొర ఆ తరంగాలను మింగేస్తుందట, రాత్రి ఆ పొర పోయి పైపొర వాటిని తిప్పి పంపుతుందట. పెద్దాయన తన సెట్‌లో 145.800 పెట్టి, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి హ్యామ్‌లకు సంకేతాలు వచ్చేది ఇక్కడే అని చూపించాక, లైసెన్సు పరీక్షకు కూర్చుంటామని పెద్ద పిల్లలు పట్టుబట్టారు. పన్నెండేళ్లు నిండితే రాయొచ్చు.

వాళ్లకు ఆదివారాలు పాఠం చెబుతానని ముందుకొచ్చిన మా ఫిజిక్స్ మాస్టారికి కూడా కృతజ్ఞతలు. పాత ప్రశ్నపత్రాలు ఎవరి దగ్గరైనా ఉంటే పంపండి, జిరాక్స్ తీసి భద్రంగా తిరిగిచ్చేస్తాం.