ఒడిశా ఆరోగ్య శాఖ మంత్రి గారికి పర్లాకిమిడి నుంచి

అయ్యా,

మా బావ పర్లాకిమిడిలో షాపుల బోర్డులు రాసేవాడు. పైన ఒడియా, కింద తెలుగు. ఒకరోజు కిరాణా కొట్టు బోర్డు మీద తెలుగు వరుసలో గుడులూ కొమ్ములూ ఎగిరిపోయాయి. కొట్టాయన నవ్వి, కళ్ళజోడు మార్చుకోమన్నాడు. నెలన్నర కళ్ళజోళ్ళతోనే గడిచింది. ఫిట్స్ వచ్చాక గానీ ఎమ్మారై తీయించలేదు. గ్లయోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్, నాలుగో గ్రేడు.

ఆపరేషన్ అయ్యాక "గడ్డ మొత్తం తీసేశాం" అన్నారు. మా అక్క గుమ్మడికాయ కొట్టించింది. పది నెలలకి మళ్ళీ వచ్చింది. బావ పోయి ఏడాది దాటినా అక్క ఇంకా తనని తానే తిట్టుకుంటోంది: ఏ పూట మాత్ర తప్పిందో, పథ్యం ఎక్కడ చెడిందో అని.

తుంగ పీకిన రైతుకి చెప్తే ఈ జబ్బు చిటికెలో అర్థమవుతుంది. పైకి కనబడేదంతా లాగేసినా కింద గడ్డలు మిగులుతాయి. ఈ కణాలూ అంతే, స్కానులో కనబడే అంచు దాటి మెదడు తంతువుల వెంట ముందే పాకేసి ఉంటాయి. పైగా మెదడుకీ రక్తానికీ మధ్య ఉన్న కంచె చాలా మందుల్ని రానివ్వదు. దాన్ని దాటగల టెమోజోలోమైడ్ మాత్ర కణం డీఎన్‌ఏని దెబ్బతీస్తే, ఎంజీఎంటీ అనే ప్రోటీన్ ఆ దెబ్బని బాగుచేసేస్తుంది. గడ్డలో ఆ ప్రోటీన్ తయారీ మూతపడి ఉన్నవాళ్ళకే మాత్ర బాగా పనిచేస్తుంది. పైగా ఒకే గడ్డలో రకరకాల కణాలుంటాయి, చావగా మిగిలిన మొండివి మళ్ళీ తలెత్తుతాయి. 2005లో వచ్చిన పెద్ద అధ్యయనంలో రేడియేషన్ ఒక్కటే తీసుకున్నవాళ్ళలో సగం మంది 12.1 నెలలు దాటారు, మాత్ర కలిపితే 14.6. రెండున్నర నెలలేనా అంటారేమో. మా మేనకోడలి పెళ్ళికి బావ పీట మీద కూర్చున్నది అలాంటి నెలల్లోనే.

అందులో అక్క చేసిన తప్పేముంది? ఆ మాట మాకు ఎవరూ చెప్పలేదు. కాగితాలన్నీ ఇంగ్లీషులో, సంతకాలు పెట్టించుకున్నారు, అంతే.

రేడియేషన్ 30 విడతలు, సోమవారం నుంచి శుక్రవారం దాకా, ఆరు వారాలు. మాకు కటకమైనా విశాఖైనా దూరమే. బావ చికిత్సకంటే గది అద్దెకే ముందు అప్పు చేశాం. సరిహద్దు జిల్లాల రోగులకి ఆ ఆరు వారాలు ఉండడానికి చోటు చూపించండి, ఏ రాష్ట్రంలో చేయించుకున్నా సరే. ఎంజీఎంటీ పరీక్ష ఖర్చు ఆరోగ్య కార్డులో కలపండి. ఆపరేషన్‌కి ముందిచ్చే కాగితంలో "మళ్ళీ రావచ్చు, వస్తే ఇంట్లోవాళ్ళ తప్పు కాదు" అన్న ఒక్క వాక్యం ఒడియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి రాయించండి.

ఇట్లు
ఒక బావమరిది, గజపతి జిల్లా