లేజర్ పట్టిన చెయ్యి ఎవరిదో అడగాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. మా మేనకోడలు పెళ్లికి ఐదు వారాల ముందు, పైపెదవి మీది నూగు తీయించుకుందామని మా ఊళ్లోని ఒక సౌందర్య కేంద్రానికి వెళ్లింది. అక్కడి వారు పెళ్లికూతురి ప్యాకేజీ అంటూ ముఖమంతటికీ లేజర్ చేస్తామని ఒప్పించారు. ఆ పిల్ల అంతకు వారం ముందే అరకు వెళ్లి ఎండలో తిరిగి వచ్చింది. ఆ సంగతి వారు అడగలేదు, చెప్పాలని ఈ పిల్లకూ తెలియదు. మూడో రోజుకు రెండు బుగ్గల మీదా యంత్రం మొన ఆకారంలోనే దీర్ఘచతురస్రపు చారలు కమిలి, పొక్కులు కట్టి, తరవాత నల్లబడ్డాయి. పెళ్లి ఆగలేదు గాని, ఫోటోలలో ఆమె ముఖం మీద ఎంత పూత ఉన్నదో చూసిన వారికి తెలుస్తుంది. యంత్రం నడిపినామె చదువేమిటని నేను వెళ్లి అడిగితే, కంపెనీ వారు రెండు రోజుల ట్రైనింగ్ ఇచ్చారని బదులు వచ్చింది.

నేను ముప్పై ఏళ్లు డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి. కాబట్టి ఈ చారలు ఎందుకు పడ్డాయో నాకు కొంత తెలుసు. ఒక్కొక్క పదార్థం కాంతిలో తనకు సరిపడే తరంగదైర్ఘ్యాన్ని, అంటే తనకు సరిపడే రంగును, ఎక్కువగా పీల్చుకుంటుంది గనుక, తగిన కాంతిని తగినంత తక్కువ సేపు పంపితే చుట్టుపక్కల కణాలు దెబ్బతినకుండా కావలసిన దాన్ని మాత్రమే వేడెక్కించి నాశనం చేయవచ్చునని అమెరికాలో ఆండర్సన్, పారిష్ అనే వైద్యులు 1983లో ప్రతిపాదించారు. నేటి చర్మ లేజర్లలో చాలావాటికి ఆ సూత్రమే ఆధారం. వెంట్రుకల విషయంలో లేజర్ వెతికేది వాటి కుదుళ్లలో నలుపునిచ్చే రంగు పదార్థమైన మెలనిన్‌ను. తెల్లవారి చర్మంలో పైపొరలో మెలనిన్ తక్కువ కనుక వేడి చాలావరకు కుదురుకే చేరుతుంది. మన చామనఛాయ చర్మంలో అదే మెలనిన్ పైపొర నిండా ఉంటుంది, ఎండకు తిరిగి వస్తే మరింత పెరుగుతుంది. కాంతికి కుదురేదో చర్మమేదో తేడా తెలియదు, దారిలో ముందు తగిలిన దాన్ని కాలుస్తుంది. అందుకే 755 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల అలెగ్జాండ్రైట్ లేజర్ కంటే, మెలనిన్ తక్కువగా పీల్చుకుని లోతుకు దిగే 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ లేజర్ మనలాంటి చర్మానికి క్షేమమని చర్మవైద్యులు చెబుతారు. ఏ లేజర్ అయినా శక్తి ఎంత, ఒక్కో కాంతి మెరుపు ఎన్ని మిల్లీసెకన్లు, చర్మాన్ని ఎలా చల్లబరచాలి అన్నవి మనిషి మనిషికీ నిర్ణయించవలసిందే. రెండు రోజుల ట్రైనింగ్‌లో మీట ఎక్కడ ఉన్నదో తెలుస్తుంది, అంతే.

లేజర్ పనికిరాదని నేను అనడం లేదు. పుట్టుకతో వచ్చే ఎర్ర మచ్చలకూ, మొటిమలు మిగిల్చిన గుంటలకూ నిపుణుల చేతిలో అది మంచి సాధనం. యంత్రం కంటే ముందు రోగనిర్ణయం ఉండాలన్నదే నా మాట. మెడ వెనక నల్లగా మందంగా మారితే అది మురికీ కాదు, అందవికారమూ కాదు. చాలామందిలో అది శరీరం ఇన్సులిన్‌కు సరిగా లొంగడం లేదనడానికి గుర్తు. ముందు చూడవలసింది రక్తంలో చక్కెరను. గడ్డం మీద వెంట్రుకలు పెరుగుతున్నాయని వచ్చిన అమ్మాయిని నెలసరి సక్రమంగా వస్తున్నదా అని అడగకుండా ఎనిమిది సిట్టింగులకు డబ్బు కట్టించుకోవడం, పుట్టుమచ్చ పెరుగుతున్నదంటే పరీక్షకు పంపకుండా కాల్చివేయడం కూడా ఇలాంటివే. మంగు మచ్చలది మరీ విచిత్రం. వేడికి అవి ఇంకా ముదిరే ప్రమాదం ఉన్నది గనుక, ఎండ నుంచి కాపాడుకోవడం, పైపూత మందులు మొదటి మెట్టుగానూ, లేజర్ చివరి మెట్టుగానూ ఉండాలి. ప్యాకేజీలలో మాత్రం లేజరే మొదటి మెట్టు. ఆ మచ్చల మీద మందుల దుకాణంలో అడిగి కొన్న స్టెరాయిడ్ క్రీములు అప్పటికే నెలల తరబడి రాసి చర్మాన్ని పలచబరచుకున్నవారూ ఉంటారు. 2018 నుంచి అలాంటి అనేక క్రీములు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్ముతున్నారా లేదా అన్నది మీ పాఠకులకు నేను చెప్పనక్కరలేదు.

ఇక చట్టం. ప్రైవేటు వైద్య సంస్థల నమోదుకు మన రాష్ట్రంలో 2002లోనే చట్టం వచ్చింది. వైద్యుడిగా నమోదు కాకుండా వైద్యం చేసేవారికి ఏడాది వరకు జైలు గాని, 5 లక్షల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చునని 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం చెబుతున్నది. మెలిక ఎక్కడంటే, ఈ కేంద్రాలు తాము చేసేది వైద్యం కాదు, అలంకరణ అంటాయి. నేను వెళ్లిన చోట గోడ మీద వ్యాపార లైసెన్సు ఉన్నది, వైద్యుడి పేరు ఉన్న బోర్డు లేదు. చర్మాన్ని కాల్చగల, కంటికి తగిలితే చూపు పోగొట్టగల పరికరాన్ని మనిషి ముఖం మీద పెట్టడం అలంకరణ ఎలా అవుతుందో నాకు అర్థం కాదు. ముఖం మీద లేజర్ వాడేటప్పుడు కళ్లకు కాంతి చొరని రక్షణ కవచాలే పెట్టాలి. మా పిల్ల కళ్లకు వారు కప్పింది తడి దూది.

వైద్యారోగ్య శాఖను నేను కోరేది పెద్ద పని కాదు. లేజర్ యంత్రాలు, తీవ్రమైన కాంతిని మెరుపుల్లా పంపే ఐపీఎల్ యంత్రాలు, రేడియో తరంగాలతో చర్మాన్ని వేడెక్కించే రేడియో ఫ్రీక్వెన్సీ యంత్రాలు ఉన్న ప్రతి కేంద్రమూ, పేరేదైనా సరే, జిల్లా వైద్యారోగ్య అధికారి అయిన డీఎంహెచ్‌ఓ దగ్గర నమోదు కావాలని స్పష్టంగా ఉత్తర్వు ఇవ్వాలి. బాధ్యత వహించే వైద్యుడి రిజిస్ట్రేషన్ సంఖ్య, యంత్రం రకం వాకిట్లోనే తెలుగులో రాసి పెట్టించాలి. ప్రతి సిట్టింగుకూ ఎంత శక్తి వాడారో కాగితం మీద రాసి ఇప్పించాలి. మా మేనకోడలిని తరవాత చూసిన చర్మవైద్యురాలు మొదట అడిగింది ఆ వివరమే. అది ఆ కేంద్రంలో ఎవరూ రాసుకోలేదు. ఆ కాగితం లేకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లినా చేతిలో చూపించడానికి డబ్బు కట్టిన రసీదు తప్ప ఏమీ ఉండదు.

చివరిగా, నొప్పించే మాటైనా మీతో ఒకటి చెప్పాలి. మా పిల్ల ఆ కేంద్రం సంగతి తెలుసుకున్నది మీ పత్రిక జిల్లా అనుబంధంలోని ప్రకటన చూసి. అందులో శాశ్వతంగా వెంట్రుకలు మాయం అని ఉన్నది. నిజానికి అమెరికా మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సైతం ఈ యంత్రాలకు శాశ్వతంగా తగ్గించడం అనే మాటను మాత్రమే అనుమతిస్తుంది, పూర్తిగా తొలగించడం అనే మాటను కాదు. వైద్యుడి పేరు, రిజిస్ట్రేషన్ సంఖ్య లేని లేజర్ ప్రకటనలను తీసుకోబోమని మీరు నియమం పెట్టుకోవడానికి ఏ ప్రభుత్వ ఉత్తర్వూ అవసరం లేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
గుంటూరు