మాక్ ఇంటర్వ్యూలు చేసిన ఇంజినీరు గారికి కృతజ్ఞతలు

పెద్ద టెక్ కంపెనీల ఇంటర్వ్యూలకు సిద్ధమవుతున్న రోజుల్లో, ముఖపరిచయమైనా లేని నాకు ఓపికగా మాక్ ఇంటర్వ్యూలు (సాధన కోసం జరిపే నమూనా ఇంటర్వ్యూలు) చేసిన సీనియర్ ఇంజినీరు గారూ, పేరు చెప్పవద్దన్న మీ మాటను మన్నిస్తూనే మీకు హృదయపూర్వక కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాను.

ప్రోగ్రామ్ రాసి చూపించాల్సిన కోడింగ్ రౌండుకు సాధారణంగా ముప్పావుగంట నుంచి గంట వరకే సమయం ఉంటుంది కాబట్టి, ప్రశ్న వినగానే కోడ్ మొదలుపెట్టాలన్న తొందర అభ్యర్థులకు సహజం. మీరు మాత్రం, ఇచ్చిన మొత్తానికి సరిపోయే రెండు సంఖ్యలను జాబితాలో కనిపెట్టమని అడిగి, జాబితా ఖాళీగా ఉంటే ఏం చేయాలి, ఒకే సంఖ్య రెండుసార్లు రావచ్చా, రుణసంఖ్యలు ఉంటాయా అన్న ప్రశ్నలను ముందుగా నా చేతనే అడిగించారు. ప్రతి జతనూ సరిచూస్తే పట్టే సమయం జాబితా పొడవు వర్గానికి అనులోమంగా పెరుగుతుందనీ, చూసిన సంఖ్యలను హ్యాష్ మ్యాప్‌లో (కావలసిన విలువ ఉందో లేదో వెంటనే చెప్పగల పట్టికలో) ఉంచుకుంటే జాబితాను ఒక్కసారి చదవడంతోనే పని పూర్తవుతుందనీ, అయితే అందుకు అదనపు మెమరీ కావాలనీ నా నోటితోనే చెప్పించారు. ఆలోచన బయటికి వినిపించడం ఎంత ముఖ్యమో నాకు అక్కడే తెలిసింది.

పెద్ద సాఫ్ట్‌వేర్ వ్యవస్థ నిర్మాణాన్ని రూపొందించమని అడిగే సిస్టమ్ డిజైన్‌ రౌండులోనూ మీ సలహాలు పనికొచ్చాయి. ఒక కంపెనీ కారణం చెప్పకుండానే నన్ను తిరస్కరించినప్పుడు (ఇది చాలామందికి ఎదురయ్యేదే) మీరు ఓదార్పుతో సరిపెట్టకుండా, గ్రాఫ్ అల్గారిథమ్‌లను (ఒకదానితో ఒకటి ముడిపడిన అంశాల మధ్య దారులు వెతకడం వంటి పద్ధతులను) నాతో మళ్ళీ మొదటి నుంచి చేయించారు. ఇప్పటికీ కొత్త అభ్యర్థులకు మీరు అంతే సమయం కేటాయిస్తున్నారని విని ఎంతో సంతోషించాను.