మన కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక 2024–25: వెనక బండ మీద గడ్డి కట్టల తోట

సభ్యులందరికీ నమస్కారం. జమాఖర్చుల షీట్ విడిగా నోటీసు బోర్డులో పెట్టాం, ఆడిటర్ సంతకం కూడా అయింది, కాబట్టి ఆ అంకెలన్నీ ఇక్కడ మళ్ళీ ఏకరువు పెట్టను. సీసీ కెమెరాలు మార్చాం, సంపు కడిగించాం, వినాయక చవితికి ఈసారి కూడా మట్టి వినాయకుణ్ణే పెట్టాం, బీ బ్లాక్ లిఫ్ట్ రిపేరు ఇంకా నడుస్తూనే ఉంది (దాని గురించి జనరల్ బాడీ మీటింగ్‌లో తీరిగ్గా తిట్టుకుందాం). ఏడాది పొడుగునా అందరూ నన్ను ఆపి అడిగింది మాత్రం ఒకటే, వెనక గోడ పక్కన ఆ గడ్డి ఏంటండీ, మనం గేదెల్ని గానీ పెడుతున్నామా అని. అందుకే ఈ రిపోర్టులో ఎక్కువ భాగం దానికే.

వెనక స్థలం సంగతి తెలిసిందే. హైదరాబాద్ అంటేనే బండరాయి, మన దగ్గర గడ్డపార వేస్తే జానెడు లోతుకే టంగుమంటుంది, పైనున్నది కూడా మట్టి కాదు, బిల్డర్ వదిలేసి పోయిన కంకర, సిమెంటు పెళ్ళలు. ఎర్రమట్టి ట్రాక్టర్లతో తోలిద్దాం అని కొందరన్నారు, ఆ ఏటవాలు మీద పోస్తే మొదటి గట్టి వానకే అంతా డ్రైనేజీలోకి పోతుంది. ఏ బ్లాక్‌లో రిటైర్డ్ సారు ఒకాయన గడ్డి కట్టల మాట ఎత్తారు. అమెరికాలో మిన్నెసోటాకి చెందిన జోయెల్ కార్‌స్టెన్ అనే ఆయన వల్ల బాగా పాపులర్ అయిన పద్ధతి ఇది, గడ్డి కట్టని మగ్గబెట్టి నేరుగా అందులోనే మొక్క పెడతారు, కుండీ అదే మట్టీ అదే. అక్కడ ఎక్కువగా గోధుమ గడ్డి వాడతారు, మనకి వరిగడ్డి ఉండనే ఉంది. యాసంగి కోతలు అయ్యాక ఊళ్ళల్లో బేలర్ (గడ్డిని చుట్టి కట్టే మిషన్) తిప్పి కట్టలు కడతారు, కట్టని చోట చాలామంది పొలంలోనే తగలబెట్టేస్తున్నారు. మేడ్చల్ అవతల ఒక రైతు దగ్గర మే నెలలో కొని టార్పాలిన్ కప్పి ఉంచాం.

మన బేలర్ కట్టలు గుండ్రంగా చాపలా చుట్టి వస్తాయి. వాటిని పడుకోబెడితే నీళ్ళు పక్కలకి జారిపోతాయి, నిలబెడితే చుట్టల మధ్యలోంచి కిందదాకా దిగుతాయి. కాబట్టి అన్నీ నిలబెట్టాం. పురికొసతో కట్టినవి వానలకి తాడు కుళ్ళి ఆగస్టుకల్లా విచ్చుకుపోయాయి, నైలాన్ తాడువి నిలబడ్డాయి. విచ్చుకున్నవాటికి చుట్టూ సర్వి బాదులు పాతుదామంటే బండ దిగనివ్వదు కదా, చివరికి ఇటుకలు పేర్చి ఆపాం.

అసలు పనంతా మగ్గబెట్టడంలోనే ఉంది. గడ్డిలో నత్రజని ఒక పాలుంటే కార్బన్ 60 నుంచి 80 పాళ్ళ దాకా ఉంటుంది, త్వరగా మగ్గాలంటే అది 30 దగ్గరికి రావాలి. ఆ లోటు పూడ్చకుండా మొక్క పెడితే గడ్డిని తినే సూక్ష్మజీవులే ఉన్న నత్రజనంతా లాగేసుకుంటాయి, మొక్క పసుపు రంగుకి తిరిగిపోతుంది. ఇక్కడే కమిటీలో పెద్ద గొడవ, యూరియా వెయ్యాలని ఒక పార్టీ, రసాయనాలు ముట్టేది లేదని ఇంకో పార్టీ. చివరికి కట్టలు సగం సగం పంచుకున్నారు. మృగశిర వానలు పడ్డాక ఒక వైపు రోజు విడిచి రోజు గుప్పెడు యూరియా చల్లి (అందులో 46 శాతం నత్రజనే) నీళ్ళు పెట్టాం, ఇంకోవైపు పేడనీళ్ళు, వేపపిండి. నాలుగైదు రోజులకి యూరియా కట్టల్లో చెయ్యి పెడితే నిలవనివ్వలేదు, లోపల వేడి 50 డిగ్రీలు దాటుతుంది ఆ టైంలో, దగ్గరికెళితే ముక్కుకి ఘాటు. రెండు వారాలలోపే చల్లబడి మొక్కలకి సిద్ధం అయ్యాయి. పేడ వైపు దాదాపు నెల పట్టింది, వాళ్ళ ఓపికకి దండం. కానీ దసరా నాటికి చూస్తే రెండు వైపులా కాపు ఒకేలా ఉంది, పైగా యూరియా వైపు టమాటాలు ముందు ఆకు మీదే పోయి పూత ఆలస్యంగా పట్టింది.

మధ్యలో రెండుసార్లు కంగారు పడ్డాం. కట్టల్లో మిగిలిన వడ్లు మొలిచి పైన నారుమడిలాగా పచ్చగా లేచింది, పిల్లలు సంబరపడ్డారు గానీ పీకేయాల్సిందే. తర్వాత బూడిదరంగు పుట్టగొడుగులు, పొద్దున లేచి మధ్యాహ్నానికి నల్లటి సిరాలా కరిగిపోయేవి. అవి మొక్కలకి ఏం చెయ్యవు, గడ్డి మగ్గుతోందని గుర్తు, అంతే. తినడానికి మాత్రం కాదు, బజార్లో దొరికే వరిగడ్డి పుట్టగొడుగులు విత్తనం వేసి పెంచేవి, అవి వేరు. వాచ్‌మన్ వాళ్ళావిడ ఊళ్ళో తిన్నామని కోయబోతే ఆంటీలు అందరూ కలిసి ఆపారు.

టమాటా, వంకాయ, మిర్చి, దోస, సొర బ్రహ్మాండంగా వచ్చాయి. మొక్కజొన్న ఎత్తు పెరిగి గాలికి ఒరిగిపోయింది, దాని జోలికి ఇంక వెళ్ళొద్దు. తోటకూర, పాలకూర, గునుగు లాంటివి గింజ చల్లేవి కాబట్టి పైన రెండంగుళాలు కంపోస్ట్ పరిస్తేనే వచ్చాయి. జూలైలో పెట్టిన బంతి నారు సెప్టెంబర్ చివరికి విరగబూసింది, అక్టోబర్ 2న ఎంగిలిపూల బతుకమ్మ నుంచి 10న సద్దుల దాకా మన బతుకమ్మలకి బంతి, గునుగు కాలనీలోవే. తంగేడు మాత్రం బయటే కొన్నాం, అది ఇందులో పెరిగేది కాదు. గుడిమల్కాపూర్ పూల మార్కెట్ దాకా వెళ్ళే పని తప్పిందని డీ బ్లాక్ అక్కలు చాలా ఖుషీ.

ఇప్పుడు నా అభిప్రాయం. ఖర్చు తగ్గిందని ఎవరైనా అంటే నమ్మకండి, రైతు బజార్‌లో కూరగాయలు దీనికంటే చవక. మట్టే లేని చోట ఏదో ఒకటి పండింది, అంతవరకే. నీళ్ళు పెద్ద సమస్య, కట్ట మగ్గేదాకా నీళ్ళు నిలుపుకోదు, పోసింది పోసినట్టు కిందికి కారిపోతుంది, వానాకాలం కాబట్టి సరిపోయింది గానీ మార్చి వచ్చాక ట్యాంకర్ నీళ్ళు గడ్డికి పోస్తామంటే నేను ఒప్పుకోను. ఎండాకాలం తోట బంద్. కూలిపోయిన కట్టలు నల్లటి ఎరువు అయ్యాయి, గేటు దగ్గర వేప, కానుగ మొక్కలకి వేశాం, మిగిలింది కుండీలకి కావాలంటే బకెట్ తెచ్చుకుని తీసుకెళ్ళొచ్చు.

ఇంకో మాట, వరిలో కలుపు మందు కొడతారు, గడ్డిలో దాని అంశ మిగిలే అవకాశం ఉంటుంది. వచ్చేసారి కొనేముందు రైతుని ఏం కొట్టారో అడగాలి, ఒక కట్టలో నాలుగు చిక్కుడు గింజలు పెట్టి ఆకులు ముడుచుకుంటున్నాయేమో చూసి అప్పుడే మిగతావి తెప్పించాలి. వచ్చేసారి తెప్పించేది వానాకాలం పంట గడ్డి కాబట్టి నవంబర్‌లో ఆర్డర్ ఇస్తాం, కట్ట కావాల్సిన వాళ్ళు దీపావళి లోపు ట్రెజరర్ గారికి పేరు, అడ్వాన్స్ ఇవ్వండి. టెర్రస్ మీద పెట్టుకుంటాం అనేవాళ్ళకి పర్మిషన్ లేదు, తడిసిన కట్ట బరువు రెండు మూడింతలు అవుతుంది, పైగా ఐదో ఫ్లోర్ సీలింగ్ ఇప్పటికే కారుతోంది.